విదేశంలో అద్దె గది: మొదటి నెల డబ్బే ఏడాది ఖర్చుని తేలుస్తుంది

నెల్లూరు, కావలి, ఒంగోలు, ఎక్కడ కన్సల్టెన్సీకి వెళ్ళినా కాలేజీ ఫీజు రూపాయితో సహా లెక్క కట్టి చెప్తారు. గది సంగతి వచ్చేసరికి "నెలకి ఇంత అవుతుంది" అని ఒక్క అంకెతో సరిపెడతారు. ఆ అంకె తప్పు కాకపోవచ్చు. దాన్ని పన్నెండుతో హెచ్చించి ఏడాది ఖర్చు అదే అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. దిగిన మొదటి ముప్పై రోజుల్లో చేతి నుంచి పోయే డబ్బు మామూలు నెల ఖర్చుకి రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. అంత డబ్బు సిద్ధంగా ఉన్న పిల్లలు నాలుగు గదులు చూసి, కాగితం చదివి, నచ్చితేనే చేరతారు. లేని పిల్లలు దొరికిన చోట చేరిపోయి, ఆ తొందరకి ఏడాది పొడుగునా మూల్యం చెల్లిస్తారు. చవకైన గది దొరకడం అదృష్టం మీద కన్నా ఈ మొదటి నెల సన్నాహం మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

జర్మనీ సంగతే చూద్దాం. విద్యార్థి వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలన్న నియమం 2024 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. అక్కడికి వెళ్ళాక నెలకి 992 యూరోల చొప్పున మాత్రమే బయటికి వస్తాయి. గది అసలు అద్దె 380, హీటింగు, నీళ్ళు, మెయింటెనెన్సు కలిపి 460 యూరోలు అనుకుందాం. డిపాజిట్ చట్టప్రకారం అసలు అద్దెకి మూడింతల దాకా అడగవచ్చు, అంటే 1,140. మొదటి నెల అద్దెతో కలిపితే 1,600. గది దొరికేదాకా తాత్కాలిక బస, సెమిస్టర్ రుసుము, ఆరోగ్య బీమా మొదటి వాయిదా, దుప్పట్లు, గిన్నెలు, తిండి కలిస్తే 2,500 దాటడం మామూలే. అకౌంట్ నుంచి వచ్చేది 992. అది కూడా దిగిన రోజే రాదు. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచి, బ్లాక్డ్ అకౌంట్‌ని దానికి కలిపాకే మొదటి విడత పడుతుంది. "పన్నెండు లక్షలు పంపాం కదా, ఇంకా డబ్బేంది" అని ఇంట్లో వాళ్ళు అడిగేది సరిగ్గా ఈ వారాల్లోనే. బ్లాక్డ్ అకౌంట్ మొదటి నెలకి పనికిరాదన్నది ఇక్కడే గట్టిగా అనుకుని, 1,500 నుంచి 2,000 యూరోలు వేరుగా, ఫారెక్స్ కార్డులో కొంత, నోట్లు కొంత, ఉంచుకోవాలి.

డిపాజిట్ విషయంలో అద్దెకుండేవాళ్ళకి జర్మన్ చట్టం ఇచ్చిన వెసులుబాటు ఒకటుంది, మనవాళ్ళలో చాలామందికి అది తెలియదు. ఆ మొత్తాన్ని మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు ఉంది. మొదటి వాయిదా అద్దె మొదలైన రోజున ఇస్తే చాలు. పై లెక్కలో చేరే రోజు కట్టాల్సింది 1,600 కాదు, 840.

బ్రిటన్‌కి వెళ్ళేవాళ్ళ ఇబ్బంది ఇంకో రకం. వీసాకి లండన్ అయితే నెలకి 1,529, మిగతా ఊళ్ళకి 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, కట్టాల్సిన ఫీజుతో పాటు, వరసగా 28 రోజులు ఖాతాలో చూపించాలి. ఆ డబ్బుని వడ్డీకి తెచ్చి పెట్టి, వీసా రాగానే తిరిగి ఇచ్చేసే కుటుంబాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. కాగితం మీద పది వేల పౌండ్లు ఉన్న పిల్లవాడు జేబులో మూడు, నాలుగు వందలతో దిగుతాడు. డిపాజిట్ కట్టే స్తోమత ఉండదు కాబట్టి డిపాజిట్ అడగని చోటికే పోతాడు. డిపాజిట్ అడగని గదికి చాలాసార్లు ఒప్పందం ఉండదు, రసీదు ఉండదు, ఎప్పుడు ఖాళీ చేయమన్నా చేయాల్సిందే.

రాబడి వేళలు కూడా చూసుకోవాలి. కందుకూరు, కొండపి వైపు పొగాకు వేలం ఫిబ్రవరి, మార్చిలో మొదలవుతుంది. నెల్లూరు వైపు పెద్ద పంట వరి డబ్బు ఏప్రిల్, మే నాటికి చేతికొస్తుంది. రొయ్యల గుంటల మీద బతికే ఇళ్ళల్లో ధర ఏ కోతకి ఎట్లా ఉంటుందో చెప్పలేం. అమెరికా చదువులు ఆగస్టులో, బ్రిటన్‌వి సెప్టెంబరులో, జర్మనీవి అక్టోబరులో మొదలవుతాయి. వేసవిలో వచ్చిన డబ్బంతా ఫీజుకీ టికెట్టుకీ పోయి, సరిగ్గా డిపాజిట్ కట్టే నాటికి ఇంట్లో తర్వాతి పంట పెట్టుబడులు నడుస్తుంటాయి. మొదటి నెల డబ్బుని వేసవిలోనే తీసి పక్కన పెట్టకపోతే ఆగస్టులో మళ్ళీ వడ్డీ వ్యాపారి దగ్గరికే పోవాలి.

ప్రకటనలో అద్దె, చేతి నుంచి పోయే అద్దె

మన దగ్గర టు-లెట్ బోర్డు మీద ఒక అంకె ఉంటే అదే అద్దె, కరెంటు వేరు. అక్కడ ఆ అంకెని ఒక్కో దేశంలో ఒక్కో రకంగా చదవాలి. జర్మన్ ప్రకటనల్లో "కాల్ట్" అంటే అసలు అద్దె మాత్రమే. "వార్మ్" అంటే హీటింగు, నీళ్ళు, చెత్త లాంటివి కలిపినది. వార్మ్‌లో కూడా గదిలో వాడే కరెంటు, ఇంటర్నెట్ ఉండకపోవచ్చు. అడిగి తేల్చుకోవాలి. పైగా ఆ హీటింగు సొమ్ము అంచనా మాత్రమే. ఏడాది లెక్క ముగిశాక పన్నెండు నెలల్లోగా యజమాని అసలు వాడకం లెక్క పంపుతాడు, ఎక్కువ వాడి ఉంటే అదనం కట్టాలి. చలికాలమంతా హీటరు 5 మీద పెట్టి కిటికీ ఓరగా తెరిచి ఉంచే గదులకి ఈ బిల్లు వందల యూరోల్లో వస్తుంది. ఇవి కాక, ఇంటికి నెలకి 18.36 యూరోల టీవీ, రేడియో ప్రసార రుసుము ఉంది. అది మనిషికి కాదు, ఇంటికి. నలుగురున్న ఇంట్లో ఒకరు కట్టి నలుగురూ పంచుకోవాలి. చిరునామా నమోదు కాగానే అందరికీ ఉత్తరాలు వస్తాయి. కట్టేవాళ్ళ రుసుము నంబరు రాసి జవాబు పంపకపోతే నలుగురి నుంచీ వసూలు మొదలవుతుంది.

గది కొలత చదరపు మీటర్లలో ఉంటుంది. 10 చదరపు మీటర్లంటే 108 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో అంకణంన్నర. మంచం, బల్ల, బీరువా పెట్టాక నడవడానికి దారి మిగిలితే గొప్ప. ఇద్దరు పంచుకోవచ్చులే అనుకుని ఆ గదికి ఒప్పుకుంటే తర్వాత కుదరదు. ఒప్పందంలో పేరు లేని మనిషిని ఉంచితే అది ఖాళీ చేయించడానికి కారణమవుతుంది.

బ్రిటన్‌లో విద్యార్థి గదులకి వారం చొప్పున అద్దె చెప్తారు. వారానికి 150 పౌండ్లు అంటే నెలకి 600 అనుకుంటారు, కాదు. 150ని 52తో హెచ్చించి 12తో భాగించాలి, 650 వస్తుంది. ఏడాదికి 600 పౌండ్ల తేడా ఇది. ఒప్పందం ఎన్ని వారాలకో కూడా చూడాలి. వారానికి 165 చొప్పున 44 వారాలైతే 7,260, వారానికి 150 చొప్పున 51 వారాలైతే 7,650. డిగ్రీ పిల్లలకి మొదటిదే చవక. మాస్టర్స్ వాళ్ళకి ప్రాజెక్టు సెప్టెంబరు దాకా ఉంటుంది కాబట్టి 44 వారాల గది తీసుకుంటే జూలైలో మూటాముల్లె సర్దుకుని రోడ్డున పడాలి.

ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఇళ్ళకి డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు, గది ఆపి ఉంచడానికి తీసుకునేది ఒక వారం అద్దె మించకూడదు. ఇది 2019 చట్టం. సాధారణ కిరాయి ఒప్పందాలకి ఆ డిపాజిట్‌ని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన మూడు పథకాల్లో ఒకదానిలో జమచేసి, ఆ వివరాలు అద్దెదారుకి ఇవ్వాలి. బ్రిటన్‌లో హామీదారు లేని మన పిల్లల్ని ఆరు నెలల అద్దె ముందే కట్టమనడం చాలా ఏళ్ళు నడిచింది. 2025లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్ళకి ఒక నెల అద్దె మించి ముందే అడగకూడదు. విశ్వవిద్యాలయాల సొంత హాస్టళ్ళకి ఇది వర్తించదు.

ఇక కౌన్సిల్ ట్యాక్స్, అంటే స్థానిక సంస్థ వేసే ఇంటి పన్ను. ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే మినహాయింపు. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన అన్న ఒకరు అదే ఇంట్లో ఉంటే ఆ ఇంటికి బిల్లు వస్తుంది, ఒక్కరే విద్యార్థి కానివారైతే 25 శాతం తగ్గుతుంది. సీనియర్లూ జూనియర్లూ కలిసుండే తెలుగు ఇళ్ళల్లో సంవత్సరం చివర తగాదా వచ్చేది దీని దగ్గరే. చేరేముందే ఎవరు కడతారో రాసుకోవాలి.

ఇక్కడి నుంచి ఖాయం చేసుకోవద్దు

ఊళ్ళో ఉండగానే ఏడాది గది ఖాయం చేసుకుని వెళ్ళాలని తల్లిదండ్రులు కోరుకుంటారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ విశ్వవిద్యాలయ హాస్టలో, జర్మనీలో విద్యార్థి సంక్షేమ సంస్థలు నడిపే వసతి గృహమో అయితే తప్ప, చూడని గదికి ఏడాది ఒప్పందం చేసుకోవడం మంచిది కాదు. వసతి గృహాలకి దరఖాస్తు మాత్రం అడ్మిషన్ రాకముందే, వీలున్న మొదటి రోజే పెట్టాలి. పెద్ద నగరాల్లో నెలల తరబడి వరుస ఉంటుంది. మిగతావాళ్ళు రెండు, మూడు వారాలకి తాత్కాలిక బస తీసుకుని, అక్కడి నుంచి తిరిగి చూసుకోవడం మేలు. సెలవులకి వెళ్ళే విద్యార్థులు తమ గదిని ఒకటి, రెండు నెలలకి ఇచ్చే పద్ధతి జర్మనీలో బాగా ఉంది. హోటలు కన్నా, రోజుల లెక్క హాస్టలు కన్నా అది చాలా తక్కువకి వస్తుంది. ఆన్‌లైన్‌లో పర్యాటకుల గదులు చూసేవాళ్ళు తేదీలని 28 రోజులు, ఆపైకి పెట్టి వెతకాలి. నెల తగ్గింపు చాలామంది అక్కడి నుంచే ఇస్తారు.

జర్మనీలో తాత్కాలిక బస తీసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె కాదు, చిరునామా నమోదుకి సంతకం ఇస్తారా అని. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా పట్టణ కార్యాలయంలో నమోదు చేసుకోవాలి, దానికి యజమాని ఇచ్చే ధ్రువీకరణ పత్రం కావాలి. ఆ నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, నివాస అనుమతి పని కదలదు, చాలా బ్యాంకుల్లో ఖాతా తెరవడం కష్టమవుతుంది. నెలకి 50 యూరోలు తక్కువ అని సంతకం ఇవ్వని గదిలో చేరితే అన్నీ ఆగిపోతాయి.

మోసాలు ఒకే అచ్చులో ఉంటాయి. నగరం నడిబొడ్డున మంచి గది, అద్దె సగం. యజమాని వేరే దేశంలో ఉన్నానంటాడు, డిపాజిట్ పంపితే తాళంచెవులు కొరియర్ చేస్తానంటాడు, పాస్‌పోర్టు కాపీ ముందే అడుగుతాడు. ఫోటోలని గూగుల్‌లో వెతికితే అవే ఇంకో ఊరి హోటల్లో కనపడతాయి. లైవ్ వీడియోలో వీధి తలుపు దగ్గర్నుంచి గది దాకా నడిచి చూపించమంటే నిజమైన మనిషి చూపిస్తాడు. మనవాళ్ళకి ప్రత్యేకంగా ఎదురయ్యేది ఇంకొకటి. తెలుగు వాట్సాప్ గ్రూపులో గది ఉందని చెప్పి, "అడ్వాన్సు ఇండియాలో మా అమ్మ ఖాతాకి ఫోన్‌పే చేయండి" అంటారు. అడిగేవాళ్ళలో నిజాయితీపరులే ఎక్కువ. అయినా ఆ డబ్బుకి అక్కడి చట్టంలో డిపాజిట్ హోదా లేదు, ఇంటి యజమాని దాన్ని చూడనే లేదు. మధ్యలో వాళ్ళు వేరే ఊరికి మారితే అడగడానికి మనిషే ఉండడు. ఊరివాళ్ళ ద్వారా గది వెతకడం మంచిదే, డబ్బు మాత్రం ఒప్పందంలో పేరున్న వాళ్ళ ఖాతాకే పోవాలి. మోసమని తేలితే మన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. గంటల్లో చెప్తే ఇక్కడి ఖాతాలో డబ్బు ఆపే వీలుంటుంది.

అమెరికాలో సంతకం, దుబాయ్‌లో చెక్కు

అమెరికాలో నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఒప్పందం మీద నలుగురూ సంతకం పెడతారు. తమ తమ వాటాకే బాధ్యులమని అనుకుంటారు. మామూలుగా ఆ ఒప్పందాల్లో ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకి బాధ్యులే. డిసెంబరులో ఒకరు వేరే రాష్ట్రానికి బదిలీ అయితే ఆ వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. మధ్యలో వదిలేస్తే రెండు నెలల అద్దె అపరాధ రుసుముగా పెట్టే ఒప్పందాలు చాలా ఉంటాయి. తన బదులు ఇంకొకరిని చేర్చాలంటే అపార్ట్‌మెంట్ ఆఫీసు అనుమతి కావాలి. మనిషికో గది చొప్పున విడి ఒప్పందం ఇచ్చే విద్యార్థి భవనాల్లో అద్దె కొంచెం ఎక్కువైనా, కొత్తగా పరిచయమైన ముగ్గురితో చేరేవాళ్ళకి అదే క్షేమం.

డిపాజిట్ మీద పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో ఒక నెల అద్దె, కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి ఎక్కువ ఇళ్ళకి అంతే. మనవాళ్ళు ఎక్కువగా పోయే టెక్సాస్‌లో రాష్ట్ర పరిమితి ఏమీ లేదు. క్రెడిట్ చరిత్ర లేని కొత్త విద్యార్థిని అదనపు డిపాజిట్ అడగడం అక్కడ మామూలు. డల్లాస్ చుట్టూ చాలా ఊళ్ళల్లో కరెంటు కంపెనీని కూడా అద్దెదారే ఎంచుకోవాలి, వాళ్ళూ డిపాజిట్ అడగవచ్చు. ఊరవతల అపార్ట్‌మెంట్ వంద డాలర్లు తక్కువని తీసుకుంటే కారు, బీమా, పెట్రోలు కలిసి ఆ వందని మింగేస్తాయి. బస్సు దారి, రాత్రి ఆఖరి బస్సు వేళ చూసుకున్నాకే అద్దెలని పోల్చాలి.

ఉద్యోగానికి దుబాయ్ వెళ్ళి కుటుంబంతో ఉండాలనుకునేవాళ్ళకి ఏడాది అద్దె 60,000 దిర్హాములైతే, వాడుక ప్రకారం 5 శాతం డిపాజిట్ 3,000, ఏజెంటు కమీషన్ అంతే, కరెంటు, నీళ్ళ సంస్థకి అపార్ట్‌మెంట్ అయితే డిపాజిట్ 2,000. అద్దె కొన్ని ముందస్తు తేదీల చెక్కులుగా ఇవ్వాలి, మొదటిది చేరే రోజే పోతుంది. ఆపై ఏడాది అద్దెలో 5 శాతం గృహ రుసుము నెల నెలా బిల్లులో కలిసి వస్తుంది, ఈ లెక్కలో నెలకి 250. చెక్కులు ఎన్ని ఎక్కువైతే చేతిమీద భారం అంత తక్కువ, కానీ అద్దె కాస్త పెంచి చెప్తారు. ఒంటరిగా బెడ్ స్పేస్‌లో, అంటే మంచం ఒక్కటే అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళు తమ పేరు ఎజారీ అనే ప్రభుత్వ అద్దె ఒప్పందాల నమోదులో ఉందో లేదో చూసుకోవాలి. అనుమతి లేని చెక్క పార్టిషన్లున్న ఇంట్లో చేరితే తనిఖీ వచ్చిన రోజు సామాను రోడ్డు మీదే.

ఇల్లు నడిపే ఖర్చు

వంట చేసుకుంటే డబ్బు మిగులుతుందన్నది నిజమే. దానికి సామాను సరిగా ఉండాలి. ఇక్కడి మిక్సీ జర్మనీలోనూ బ్రిటన్‌లోనూ ప్లగ్గు అడాప్టరుతో తిరుగుతుంది, అక్కడా 230 వోల్టులే. అమెరికాలో 120 వోల్టులు. ఇక్కడి మిక్సీ తీసుకుపోతే సరిగా తిరగదు, అక్కడికి పనికొచ్చే 110 వోల్టులది ఇక్కడే కొని తీసుకుపోవాలి. కుక్కర్ అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేదై ఉండాలి. ఐరోపా, బ్రిటన్‌కి తీసుకుపోయే సామానుల్లో నెయ్యి, పాల పదార్థాలు, మాంసం నిషేధం. అమ్మమ్మ కాచిన నెయ్యి విమానాశ్రయం దాటదు, మీగడ, కోవా వేసిన మిఠాయిలకీ పూచీ లేదు. ఎండుమిరపకాయలు, కారప్పొడి, చింతపండు మొదటి రెండు నెలలకి సరిపడా చాలు. బియ్యం మోసుకుపోవడం బరువు దండగ.

మన వంట అద్దె గదికి చేసే నష్టం గురించి ఎవరూ ముందు చెప్పరు. బ్రిటన్ హాస్టళ్ళల్లో వంటింట్లో వేడికి మోగే అలారం, వరండాలో పొగకి మోగే అలారం పెడుతుంటారు. వంటింటి తలుపు తెరిచి ఎండుమిరపకాయల పోపు వేస్తే పొగ వరండాలోకి పోయి భవనమంతా ఖాళీ చేయిస్తుంది. తలుపు మూసి, పైన ఫ్యాను వేసి, నూనె పొగలు రాకముందే ఆవాలు వేయాలి. అలారానికి కవరు తొడిగితే జరిమానా ఖాయం. జర్మనీలో సమస్య బూజు. చలికి కిటికీలన్నీ బిగించి, గదిలో అన్నం ఉడికించి, బట్టలు లోపలే ఆరేస్తే ఆవిరి చల్లటి గోడ మూలలో నీరై, నెలలో నల్లటి బూజు పడుతుంది. బాగుచేసే ఖర్చు డిపాజిట్ నుంచి పోతుంది. రోజుకి రెండు, మూడు సార్లు హీటరు ఆపి, కిటికీ పూర్తిగా తెరిచి ఐదు, పది నిమిషాలు ఉంచాలి. రోజంతా ఓరగా తెరిచి ఉంచితే గోడ చల్లబడుతుంది, బిల్లూ పెరుగుతుంది, బూజు మాత్రం పోదు.

డబ్బు పంపడంలో ఇంటి దగ్గర జరిగే నష్టం కూడా తక్కువ కాదు. బ్యాంకు చెప్పే చార్జీ చూసి మోసపోవద్దు. 1,000 యూరోలు అక్కడ పడటానికి ఇక్కడ మొత్తం ఎన్ని రూపాయలు తీస్తారో ఒకే పూట రెండు, మూడు చోట్ల అడిగితే అసలు తేడా రేటులో బయటపడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒకరి పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో పంపేది 10 లక్షలు దాటితేనే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు కోసే పన్ను. గుర్తింపు ఉన్న సంస్థ విద్యా రుణం నుంచి పోయే ఫీజుకి అదీ లేదు. తండ్రి, తల్లి చెరో ఖాతా నుంచి పంపితే ఇద్దరికీ విడివిడిగా ఆ పరిమితి ఉంటుంది. కోసిన టీసీఎస్ ఎవరి పాన్ మీద కోశారో వాళ్ళ రిటర్నులోనే సర్దుబాటవుతుంది, కాబట్టి రిటర్ను వేసే మనిషి ఖాతా నుంచే పంపాలి. అక్కడి దుకాణంలో కార్డు మెషిన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కాలి. రూపాయలు నొక్కితే ఆ మెషిన్ వాళ్ళ రేటు పడుతుంది, అది చాలా వరకు మన బ్యాంకు రేటు కన్నా దండగ.

ఖాళీ చేసేటప్పుడు

నెల్లూరులో ఇల్లు ఖాళీ చేస్తే సున్నం ఖర్చు పట్టుకుని మిగతా అడ్వాన్సు ఆ పూటే చేతిలో పెడతారు. అక్కడ నోటీసు కాలంతో మొదలవుతుంది. జర్మనీలో మామూలు నిరవధిక ఒప్పందానికి మూడు నెలలు. నెలలో మూడో పనిదినం లోపు రాతపూర్వకంగా అందితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది, నాలుగో పనిదినాన అందితే ఇంకో నెల అద్దె కట్టాలి. చేరిన రోజే గోడలు, పొయ్యి, పరుపు, బాత్రూం మూలలు, మీటరు రీడింగు ఫోటోలు తీసి యజమానికి మెయిల్ చేసి ఉంటే, పోయేరోజు గీతల మీద వాదన ఉండదు. ఇంగ్లండ్‌లో కోతల మీద పేచీ వస్తే డిపాజిట్ దాచిన పథకం వాళ్ళే ఉచితంగా తీర్పు చెప్తారు, ఈ ఫోటోలే సాక్ష్యం. కాలిఫోర్నియాలో 21 రోజుల్లో, టెక్సాస్‌లో 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి. టెక్సాస్‌లో మాత్రం కొత్త చిరునామా రాసి ఇచ్చేదాకా యజమాని పంపనక్కర్లేదు. స్వదేశానికి వచ్చేసేవాళ్ళు అక్కడి బ్యాంకు ఖాతాని డిపాజిట్ పడేదాకా మూయకూడదు, లేదా అక్కడే ఉండే స్నేహితుల చిరునామా, ఖాతా రాసి సంతకం పెట్టి ఇచ్చి రావాలి. ఇక్కడి ఖాతాకి డాలరు చెక్కు వస్తే దాన్ని మార్చుకోవడానికి వారాలు పడుతుంది, చార్జీలు పోతాయి.